బోనాల ఆదివారం, పాప పక్క

పద్మారావు నగర్‌లో ఉండేవాళ్లకి లష్కర్ బోనాలంటే పండగ సగం ఇంట్లోకి వచ్చేసినట్టే. పాపకి నాలుగో నెల నడుస్తోంది, డప్పులకి ఉలిక్కిపడుతుందేమోనని నిన్నటి నుంచి ఒకటే టెన్షన్ నాకు. తీరా చూస్తే పోతరాజు కొరడా ఝళిపించుకుంటూ మా గేటు ముందు నుంచి వెళ్లినా రెప్ప కదపలేదు మహాతల్లి. నేను బీరువా తలుపు తీసిన చప్పుడుకి మాత్రం ఠక్కున లేచింది.

అల్వాల్ నుంచి పెద్దమ్మ వచ్చింది. జనరల్ బజార్‌లో కొన్న పాప బెడ్ సెట్ తెచ్చింది: లేత గులాబీ రంగు పరుపు, చిన్న దిండు, అటూ ఇటూ పెట్టే పక్క దిండ్లు, ఉన్నిలాంటి దుప్పటి, గొడుగులా తెరుచుకునే దోమతెర. ముద్దొచ్చేలా ఉంది, నిజం. పరుపు మీద అరచేయి నొక్కి చూశాను. గుంట పడి అలాగే ఉండిపోయింది. దోమతెర ఒక్కటి ఉంచుకుని మిగతావి అటక మీదికి పంపాను.

"అన్నీ తీసేస్తే పోరికి ఏం సుఖం బిడ్డా?" అంది పెద్దమ్మ.

ఇంటి నిండా ప్రేమించేవాళ్లుంటే వచ్చే చిక్కే ఇది. తలా ఒకటి తెచ్చి పాప పక్కలో పెడతారు, తీసేసేదాన్ని నేనొక్కదాన్నే. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, అంతే. ఈ వయసు పిల్లలకి ముక్కుకి మెత్తటి గుడ్డ అడ్డం పడితే ఒక్కోసారి దాన్ని తప్పించుకోలేరు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తారు. అమ్మ కుట్టిన ఆవాల దిండు మీద నాలుగు రోజులు చర్చ నడిచింది. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడిస్తానని, పడుకున్నప్పుడు తల ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుతానని ఒప్పించాను. "తల గుండ్రంగా రాకుంటే నన్నడగొద్దు" అంటూ దిండు విప్పి ఆవాలు పోపుల డబ్బాలో పోసుకుంది.

మన ఇళ్లల్లో రాత్రి బోర్లా పడుకోబెట్టడం తక్కువే. పక్కకి తిప్పి వీపుకి దిండు ఆనించడం ఎక్కువ. పెద్దమ్మ అడిగింది కూడా అదే: "ఎల్లకిల పండుకుంటే పాలు కక్కినప్పుడు గొంతుల అడ్డం పడవా?" పద్నాలుగు వారాల టీకాకి వెళ్లినప్పుడు నేనూ ఇదే అడిగితే డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసి చూపించింది. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు పైకి ఎక్కలేక కిందికే పోతాయి. బోర్లా ఉంటే అది తిరగబడుతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టిన పిల్ల బోర్లా దొర్లడానికి ఎంతసేపు? అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో కారణం తెలియకుండా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. ఆ బొమ్మ పెద్దమ్మకీ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.

పొత్తిళ్లు మానేసి వారం అయింది. దొర్లడానికి ప్రయత్నిస్తున్న పిల్లకి చేతులు కట్టేస్తే ప్రమాదం. చేతులు విడిచిపెట్టిన కొత్తలో తన చేతికే తను ఉలిక్కిపడి లేచేది. ఇప్పుడు వేళ్లు చీక్కుంటూ సర్దుకుంటోంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే సోఫాలో నాన్న గుర్రు, ఆయన గుండెల మీద పాప. చూడ్డానికి ఎంత బాగుందో, అంత భయం వేసింది. సోఫా సందులో జారిపోతే ఎవరికీ తెలియదు. పాపని మెల్లగా తీసి తన పరుపు మీద వేశాను. నాన్న లేచి "ఏమైంది?" అన్నాడు. ఏం కాలేదు, పడుకోమన్నాను.

రాత్రి కరెంటు పోయింది. అమ్మ టోపీ పట్టుకొచ్చింది, చేతులు చల్లగా ఉన్నాయట. చేతులు చూసి లాభం లేదు, మెడ వెనక చూడాలి. తడిగా తగిలింది. చొక్కా విప్పి, పల్చటి జబ్లా ఒకటి తొడిగాను. పన్నెండు దాటాక మూలిగింది, కాళ్లు కొట్టుకుంది, మొహం చిట్లించింది. పసిపిల్లల నిద్రలో సగం దాకా ఇలా కదులుతూనే సాగుతుంది. మొదట్లో ప్రతి మూలుగుకీ ఎత్తుకుని నేనే లేపేసేదాన్నట, అమ్మ అంటుంది (నేను ఒప్పుకోను). చెయ్యి చాచకుండా కాసేపు ఆగాను. అమ్మ చీకట్లోంచే గొణిగింది, "ఎత్తుకోవే." నేను కదల్లేదు. పాప పెదవులు చప్పరించి, తల అటు తిప్పి మళ్లీ పడుకుంది. అమ్మ మాత్రం తెల్లారేదాకా నాతో మాట్లాడలేదు.