పై బెర్తు, కింది బెర్తు, రెండు నవలలు

విశాఖపట్నం వెళ్దామన్నది మా ఆవిడ. చూడాల్సిన చోట్ల జాబితా ఏమీ లేదు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ అప్పుడే చదివి ముగించింది, ఆ కథ నడిచిన ఊళ్ళో ఒక రోజు తిరగాలని పట్టుకుంది. అదే వారం నేను రావిశాస్త్రి ‘అల్పజీవి’ రెండోసారి చదివాను. మొదటిసారి కాలేజీ రోజుల్లో, చదివానని నలుగురికీ చెప్పుకోవడానికి. ఈసారి నిజంగా చదివాను. ఆయన విశాఖలో ప్లీడరుగా ఉండేవాడు కాబట్టి నాకూ ఒక సాకు దొరికింది.

ఇద్దరం రెండు షరతులు పెట్టుకున్నాం. ఒకటి, విశాఖ చేరేలోగా పుస్తకాలు మార్చుకోవాలి. రెండోది, ముగింపు చెప్పకూడదు. మా ఆవిడ మూడో షరతు కూడా చేర్చింది: తన పుస్తకంలో పేజీ మూలలు మడవకూడదు. తను పెన్సిల్‌తో చదువుతుంది. నేను మడతలతో చదువుతాను. పెళ్ళయినప్పటి నుంచీ తెగని తగువు ఇది.

సికింద్రాబాద్‌లో సాయంత్రం బండి. నా మోకాలి గోల వల్ల మూడు వారాల ముందే రెండు కింది బెర్తులు దొరకబుచ్చుకున్నాను. తీరా ఎక్కి చూస్తే నా బెర్తు మీద ఒకాయన దుప్పటి పరుచుకుని, దిండు కిటికీ వైపు ఆనించుకుని, హాయిగా కాళ్ళు చాపి ఫోన్ చూసుకుంటున్నాడు. బూట్లు కూడా సీటు కిందికి తోసేశాడు. అంటే ఇప్పట్లో లేచే ఉద్దేశం లేదన్నమాట.

నేను ఫోన్‌లో టికెట్ తెరిచి పట్టుకుని నిలబడ్డాను. ‘ఇది నా బెర్తండీ’ అనాలి. మూడు మాటలు. ఆయన ‘అయితే ఏంటి?’ అంటాడేమో. అప్పుడు టీటీఈని పిలుస్తాననాలి. అన్నాక పిలవాలి. టీటీఈ వచ్చి ‘మీరూ మీరూ సర్దుకోండి’ అంటే, తెల్లారేదాకా ఈయన ఎదురుగానే కదా కూర్చోవాలి? ఇక్కడిదాకా వచ్చేసరికి ఆయనే తలెత్తి, “మీది పైదా?” అన్నాడు.

“పర్లేదండీ” అన్నాను.

ఆయన అడిగినదానికీ నేను చెప్పినదానికీ పొంతన లేదు. ఆయనకి మాత్రం బాగానే అర్థమైంది, మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ అంతా చూసింది. సంచి సీటు కిందికి నెట్టి, నాకు తన బెర్తు మీద చోటిచ్చి, మెల్లగా అంది: “చేతిలో అల్పజీవి పెట్టుకుని ఆ మాట ఎలా అన్నారండీ?”

లైట్లు తీసేదాకా ఆ రాత్రి మా మాటలన్నీ అక్కణ్ణుంచే పుట్టాయి.

సుబ్బయ్య సంగతి చెప్పమంది. చెప్పాను. ఆఫీసు గుమాస్తా. పై ఆఫీసరంటే భయం, బావమరిది వెంకట్రావంటే భయం, కాంట్రాక్టరు గవరయ్యంటే వణుకు. ఇంట్లో భార్య సావిత్రి దగ్గరా అంతంతమాత్రమే. 1950ల మొదట్లో వచ్చిన నవల. పిరికివాణ్ణి దూరంగా నిలబెట్టి నవ్వించడం తేలిక. రావిశాస్త్రి ఆ పని చేసి ఊరుకోలేదు, మనల్ని తీసుకెళ్ళి సుబ్బయ్య బుర్రలో కూర్చోబెట్టాడు. అక్కడ ఒక చిన్న అనుమానం మొదలవుతుంది, అది ఇంకోదాన్ని పిలుస్తుంది, ఆ రెండూ కలిసి మూడోదాన్ని కంటాయి. ఎదుటి మనిషి నోరు తెరవకముందే సుబ్బయ్య ఓడిపోయి ఉంటాడు. దీన్ని విమర్శకులు చైతన్య స్రవంతి అంటారు. పేరు పెద్దదే గానీ, ఇందాక టికెట్ పట్టుకుని నిలబడ్డప్పుడు నాలో ఆడింది అదే.

“అయితే అతని మీద జాలిపడాలా?”

“జాలి కాదు. చదువుతుంటే చెమట పడుతుంది.”

“మీకు పడుతుంది” అంది.

సుబ్బయ్యని నేనంత వెనకేసుకొచ్చినా ఒక ఫిర్యాదు ఉంది, అదీ చెప్పాను. మనోరమ పాత్ర నాకు ఈసారి పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు. సుబ్బయ్యకి కాస్త ఊపిరి అందించడానికే వచ్చినట్టనిపించింది. కాలేజీలో చదివినప్పుడు ఆవిడే నాకు నచ్చిన పాత్ర. మరి మారింది నేనో, నా చదువో.

కాజీపేట దాటాక తన వంతు. తనది వేరే రకం పిరికివాడి కథ. ప్రకాశం మెడిసిన్ చదువుతుంటాడు. అతను ఉంటున్న ఇంట్లోనే ఇందిర, ఉద్యోగం చేసి బాధ్యతలేని తండ్రిని పోషిస్తుంటుంది. అక్కడే కల్యాణి కూడా. ప్రకాశం మంచివాడు, ఎవరికైనా కష్టమొస్తే కదిలిపోతాడు. కానీ ఒక నిర్ణయం తీసుకుని దాని మీద నిలబడమంటే మాత్రం కాళ్ళు నిలవవు.

“మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఇందిర ముందే జాగ్రత్తపడేది కదా” అంది.

ఇందిర గురించి తన అభిప్రాయం నేను ఎక్కడా విననిది. అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకుంటారు. మా ఆవిడకి ధైర్యం కంటే అలసట ఎక్కువ కనిపించిందట. “రోజంతా పనిచేసి ఇంటికొచ్చాక కూడా ఎవరి మీదా ఆనుకోవడానికి లేనిదానికి నెమ్మదిగా ఆలోచించే తీరిక ఎక్కడిది? తనకి కావాల్సినదేదో తనే లాక్కోవాలి. లాక్కుంటే గడుసుది అంటారు. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు చదివినవాళ్ళు ఏమనుకున్నారో!”

ఆ మరుసటి ఏడు పుస్తకంగా వచ్చింది. 1963లో దాన్ని ఆధారం చేసుకుని ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా తీశారు. నాకు సినిమానే తెలుసు. ఆ మాటంటే, సినిమా చూసి నవల తెలుసనుకునేవాళ్ళతో తను మాట్లాడనంది. నవలలోని డాక్టర్ చక్రవర్తి గురించి కూడా ఏదో మొదలుపెట్టింది. “ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే మంచివాడు, అదొక్కటే నాకు…” అని టక్కున ఆగి, “అది ముగింపులోకి పోతుంది” అని నోరు మూసుకుంది.

నేను ప్రకాశం తరఫున వాదించాను. కుర్రవాడు, చదువింకా పూర్తికాలేదు, వెనక కుటుంబం ఉంది. సుబ్బయ్యని క్షమిస్తే ఇతణ్ణీ క్షమించాలి కదా?

“సుబ్బయ్య భయపడితే నష్టం సుబ్బయ్యకి. ప్రకాశం భయపడితే నష్టం ఇందిరకి.”

“సుబ్బయ్యకీ పెళ్ళాం ఉంది. ఆవిడకి నష్టం లేదా?”

కాసేపు మాట్లాడలేదు. “అది చదివాక చెప్తాను” అని నా చేతిలో పుస్తకం లాక్కుంది. తనది నాకిచ్చింది. పది కాగానే ఎదుటి బెర్తాయన లైటు తీసేయమన్నాడు. అడగడంలో ఆయనకి ఏ ఇబ్బందీ లేదు.

మోకాలు పట్టుకుని, నిచ్చెన రెండు మెట్లెక్కి, మూడో మెట్టు దగ్గర ఒకసారి ఆగి, పైకి చేరాను. తల దగ్గరి చిన్న దీపం వేసుకుని చదవడం మొదలుపెట్టాను. మా ఆవిడ పెన్సిల్ గీతలంటే నాకు ఎప్పుడూ విసుగే. ఈసారి అవి కథతో పాటు ఇంకో కథలా నడిచాయి. ప్రకాశం ఏదైనా గట్టిగా అనుకున్న ప్రతిచోటా పక్కన చిన్న ప్రశ్నార్థకం. మొదటివి సన్నగా, అందంగా ఉన్నాయి. పోనుపోను పెన్సిల్ ఒత్తి రాసింది. ఒకచోట కాగితం అవతలి వైపుకి అచ్చు దిగింది. విజయవాడలో బండి ఆగినప్పుడు లెక్కపెడితే తొమ్మిదయ్యాయి, ఇంకా సగం పుస్తకం ఉంది.

ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. కింద ఇనుము మోగే చప్పుడు ఉన్నట్టుండి మారితే మెలకువ వచ్చింది. గోదావరి వంతెన. పై బెర్తు నుంచి నది కనపడదు, చప్పుడు ఒక్కటే. కింద మా ఆవిడ కిటికీకి ముఖం ఆనించి చీకట్లోకి చూస్తోంది. ఎదుటి బెర్తాయన గురక పెడుతున్నాడు. నా కింది బెర్తులో.

తెల్లవారాక అనకాపల్లి. శ్రీదేవి పుట్టింది ఇక్కడే, 1929లో. డాక్టరుగా పనిచేస్తూ రాసింది. 1961లో పోయారు, అప్పటికి ముప్ఫయి రెండు కూడా నిండలేదు. రాసిన నవల ఈ ఒక్కటే. బండి కొద్దిసేపే ఆగింది. మా ఆవిడ దిగి, ప్లాట్‌ఫాం మీద బోర్డు దాకా వెళ్ళి, ఊరి పేరు చదివి వచ్చింది. ఫోటో తీయనా అంటే వద్దంది.

విశాఖలో మధ్యాహ్నం ఎండలో కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి, వైపు నడిచాం. పక్కనే ఆంధ్రా మెడికల్ కాలేజీ. 1923లో మొదలైంది. ప్రకాశం లాంటివాళ్ళు ఎన్ని తరాల నుంచి ఈ గేటు దాటి ఉంటారో. తెల్లకోట్లు చేతిమీద వేసుకుని కుర్రాళ్ళు గుంపుగా వస్తున్నారు. ఒకడు ఫోన్‌లో, “సరే అమ్మా, నువ్వెలా అంటే అలాగే” అంటూ మా పక్కనుంచి వెళ్ళాడు.

మా ఆవిడ నా వంక చూసింది. పాపం, ఆ అబ్బాయి దేని గురించి అన్నాడో మాకేం తెలుసు?

సాయంత్రం బీచ్ రోడ్డులో ఒక బెంచీ మీద చెరో పుస్తకం పట్టుకుని కూర్చున్నాం. సముద్రాన్ని పెద్దగా చూసిందేమీ లేదు. తను అల్పజీవి మొదటి పేజీల్లో పైకే నవ్వింది, ఒకటి రెండుసార్లు నా మోకాలి మీద తట్టింది కూడా. తర్వాత నవ్వు తగ్గింది. చీకటిపడి అక్షరాలు కనపడనప్పుడు పుస్తకం మూసి, “మీరన్నది నిజమే, చెమట పడుతుంది. కానీ సావిత్రి బుర్రలోకి కూడా ఒకసారి తీసుకెళ్తే బాగుండేదండీ. ఇంత భయస్థుడితో బతకడం ఎలా ఉంటుందో ఆవిడ కదా చెప్పాలి?” అంది.

నా పరిస్థితి ఇంకోలా ఉంది. ప్రకాశం తరఫున వాదించిన నేను, నవల మూడు వంతులు అయ్యేసరికి అతణ్ణి భుజాలు పట్టుకుని కుదిపేయాలన్నంత కోపంలో ఉన్నాను. తన ప్రశ్నార్థకాల కింద నేనూ ఒకటి పెట్టాను. పెన్సిల్ అడగాల్సి వచ్చింది కాబట్టి దొరికిపోయాను.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ నాది కింది బెర్తే. ఈసారి ఖాళీగా ఉంది. దుప్పటి పరుచుకుని కూర్చున్నానో లేదో, ఒక పెద్దావిడ కర్ర పట్టుకుని వచ్చింది. పై బెర్తు వచ్చిందట. “బాబూ, నేను ఎక్కలేను, మీరేమైనా…” అంది. మాట పూర్తికాకముందే లేచి నిలబడ్డాను. ఆవిడ దీవించింది. పైకెక్కి, మోకాలు సర్దుకుని, మా ఆవిడ వైపు గర్వంగా చూశాను.

“ఇది వేరు” అన్నాను.

“నేనేం అనలేదుగా.”

“పోయినసారి భయపడి ఇచ్చాను. ఇప్పుడు ఇవ్వాలనిపించి ఇచ్చాను.”

“ఆ పెద్దావిడ కాకుండా ఆ బూట్లాయనే మళ్ళీ వచ్చి అడిగితే?”

బండి కదిలింది. ఆలోచించాను. ఆయన వస్తాడు, నేను ఇది నా బెర్తండీ అంటాను, ఆయన అయితే ఏంటి అంటాడు…

మా ఆవిడ కాసేపు చూసి, అల్పజీవి తెరిచి, పెన్సిల్ కోసం సంచిలో వెతకడం మొదలుపెట్టింది. అది నా జేబులో ఉంది.