దుబాయి బొమ్మ, తునికాకు విస్తరి

మన పదో తరగతి బ్యాచ్ ఇట్లా కలిసినప్పుడల్లా ఒక మాట తప్పకుండా వస్తుంది. "మనకు బొమ్మలు లేకున్నా చిన్నతనం ఎంత మంచిగుండె! ఇప్పటి పిల్లలకు అన్ని ఉండి ఏం లాభం?" అందరూ అవునంటారు. నాకు మాత్రం ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. కోరుట్లలో ఒకే బడిలో, ఒకే గదిలో కూర్చుని 1989లో పదో తరగతి దాటినవాళ్లమే అయినా మనందరి చిన్నతనం ఒకటి కాదు. ఎవరింట్లో ఏ బొమ్మ ఉందన్నది చిన్న తేడా. ఎవరికి ఆడుకునే పొద్దు దొరికింది, ఎవరు వస్తువు విరగ్గొట్టినా దెబ్బలు తినలేదు అన్నవి పెద్ద తేడాలు.

మా అవ్వ బీడీలు చేసేది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఏ వాడకు పోయినా అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లే కనిపించేవాళ్లు. తునికాకు నానబెట్టి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. మూతులు మడవడం చిన్న వేళ్లకు బాగా వస్తుందని ఆ పని ఆడపిల్లలకు అప్పజెప్పేవాళ్లు. కూలి వెయ్యి బీడీల లెక్కన. టేకేదారు, అంటే బీడీలు తీసుకునే కాంట్రాక్టరు, కట్టలు విప్పి చూసి, నచ్చనివి పక్కన పడేస్తే ఆ కష్టం గంగలో కలిసినట్టే. అందుకే బడి నుంచి రాగానే సంచి మూలకు పెట్టి చాట ముందు కూర్చునేదాన్ని. అవ్వ మీద నాకు ఎన్నడూ కోపం లేదు. ఆ వెయ్యి పూర్తయితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

మా తమ్ముడు మాత్రం అదే ఇంట్లో పుట్టి గోటీలు ఆడిండు, చిర్రగోనె ఆడిండు, సంక్రాంతికి పతంగి ఎగరేసిండు. వాడికి కొనిచ్చిన బొమ్మ ఒక్కటీ లేదు. పాత సైకిల్ టైరు, దాన్ని కొట్టడానికి ఒక కట్టె, అంతే. వాటితోనే వాడ వాడంతా తిరిగి, మోకాళ్లు గీసుకుపోయి చీకటిపడ్డాక ఇంటికి వచ్చేవాడు. లేమి ఇద్దరికీ సమానమే, పొద్దు మాత్రం వాడొక్కడిదే. "బొమ్మలు లేకున్నా మంచిగుండె" అనేవాళ్లలో మగపిల్లలే ఎక్కువన్న సంగతి మీరు గమనించారా?

మనం ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడే, 1986లో, బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. పిల్లలతో చేయించకూడని పనుల జాబితాలో బీడీల తయారీని కూడా చేర్చారు. కానీ ఇంటివాళ్లే కలిసి ఇంట్లో చేసుకునే పనికి ఆ చట్టంలోనే మినహాయింపు ఇచ్చారు. మా చాటలు ఉన్నది ఇంట్లోనే కదా! చట్టం మా గడప బయటే ఆగిపోయింది. మూడేళ్లకు, 1989లో, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక వచ్చింది. 1992లో మన దేశం ఒప్పుకుంది. దాని 31వ అధికరణంలో ఆట కంటే ముందు విశ్రాంతి, తీరిక అన్న మాటలు ఉంటాయి. టీచర్ ట్రైనింగ్‌లో అది చదివినప్పుడు ఆ వరుసను మళ్లీ మళ్లీ చూసుకున్నాను. ఎవరో మా ఇంటి అరుగు చూసి రాసినట్టే అనిపించింది.

ఇక దుబాయి సంగతి. గల్ఫ్‌లో చమురు డబ్బుతో కట్టడాల పనులు జోరందుకున్న 1970ల నుంచి మన ఊళ్ల మగవాళ్లు అటు పోవడం మొదలైంది. వీసాకు తెచ్చిన అప్పు, దాని మిత్తి తీరేసరికే ఏండ్లు పట్టేది. తీరినవాళ్ల ఇళ్లకు మాత్రం టేప్ రికార్డర్లు, మెత్తటి కంబళ్లు, అత్తరు సీసాలు వచ్చేవి. నా బెంచీ దోస్తు ఇంటికి ఒక బొమ్మ వచ్చింది. బంగారు రంగు వెంట్రుకలు, గులాబీ రంగు గౌను. పడుకోబెడితే కళ్లు మూస్తుంది, లేపితే తెరుస్తుంది. మన బడి ఆడపిల్లలంతా దాన్ని చూడటానికి వంతులవారీగా వాళ్లింటికి పోయిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. చూడటానికే. ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా బీరువా అద్దం వెనక అత్తరు సీసాల పక్కన నిలబెట్టారు. "ఖరాబైతే మల్ల తెచ్చెటందుకు మీ బాపు రెండేండ్లకు గాని రాడు బిడ్డా" అనేది వాళ్లమ్మ.

ఒకనాడు వాళ్లమ్మ అంగడికి పోయినప్పుడు ఆ పిల్ల కవరు విప్పి బొమ్మను మా వాకిట్లోకి తెచ్చింది. మేం బువ్వలాట ఆడుతున్నాం. కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కలే విస్తర్లు, ఇసుక బువ్వ, ఇటుక పొడి కారం. బొమ్మను కూడా బంతిలో కూర్చోబెట్టి వడ్డించాం. నా వంతు వచ్చినప్పుడు తంబాకు వాసన అంటుతుందని చేతులు నా గౌనుకు తుడుచుకుని బొమ్మను పట్టుకున్నాను. పడుకోబెట్టి లేపితే లోపల ఎక్కడో టిక్కుమన్నది. నీలం కళ్లు, ఒక్కొక్కటిగా లెక్కపెట్టదగ్గ రెప్ప వెంట్రుకలు. జుట్టులో చిక్కుకున్న ఆకు పొడి ఎంత దులిపినా పోలేదు. ఆ సాయంత్రం నా దోస్తుకు దెబ్బలు పడ్డాయి, బీరువాకు తాళం పడింది.

తర్వాత కొన్నాళ్లకు వాళ్లింట్లో క్యాసెట్ ఉత్తరం రికార్డు చేస్తుంటే నేనూ పక్కనే ఉన్నాను. వాళ్ల బాపు పంపిన క్యాసెట్‌లో "బొమ్మతోని ఆడుకుంటున్నవా బిడ్డా?" అని అడిగిండు. ఆ పిల్ల బీరువా దిక్కు చూసుకుంటూ, "ఆడుకుంటున్న బాపూ" అని చెప్పింది. ఆయన వచ్చిననాడు ఆమె గుర్తుపట్టలేక తలుపు చాటుకు పోయింది. డబ్బున్న ఇల్లని మేమంతా కుళ్లుకున్న ఇల్లు అది.

షావుకారు ఇంటి అద్దాల అలమారలో నిర్మల్ బొమ్మలుండేవి. గోదారి దాటితే నిర్మలే కాబట్టి పొణికి చెక్కతో చేసిన పండ్లు, పక్షులు చాలామంది ఇళ్లల్లో కనిపించేవి. వాటినీ ఏ పిల్లా ముట్టుకోగా చూడలేదు. వేములవాడ, ధర్మపురి జాతరల్లో కొనిచ్చే పీకలు, ముల్లు తిరగని గడియారాలు వేరు. వాటి మీద ఎవరికీ ప్రేమ లేదు, బస్సెక్కే లోపే విరిగేవి, ఎవరూ తిట్టేవాళ్లు కాదు.

చక్కెర ఫ్యాక్టరీ దిక్కు నుంచి వచ్చే ఒక ఆఫీసరు కొడుకు మన తరగతిలో ఉండేవాడు. తాళంచెవి తిప్పితే నడిచే కారును వాడు స్క్రూలు విప్పి ముక్కలు ముక్కలు చేసి, పండ్ల చక్రాలు (గేర్లు), స్ప్రింగు జేబులో వేసుకుని బడికి తెచ్చిండు. "మీ నాయిన కొట్టలేదా?" అని అడిగాం. వాడికి మా ప్రశ్నే అర్థం కాలేదు. నాయిన పక్కన కూర్చుని విప్పించిండట. తర్వాత సైన్సు సారు పండ్ల చక్రాల పాఠం అడిగితే చేయి లేపింది వాడొక్కడే. వాడు పుట్టుకతోనే తెలివైనవాడని మనమంతా నమ్మాం. ఇన్నేండ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాక నాకు అట్లా అనిపించడం లేదు. విరగ్గొట్టే వీలు, పక్కన కూర్చునే మనిషి, సాయంత్రం పూట తీరిక, ఈ మూడూ వాడికి ఇంట్లోనే దొరికాయి. నా దోస్తుకు బొమ్మ మాత్రమే దొరికింది. నాకు ఆ మూడింటిలో ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు బొమ్మలు చవకయ్యాయి. రిమోట్ కారు అంగట్లో కూడా దొరుకుతుంది. నా తరగతిలో గల్ఫ్‌కు పోయినవాళ్ల పిల్లలు బాపును రోజూ వీడియో కాల్‌లో చూస్తారు, అది నిజంగా మంచి మార్పు. ప్రైవేటు బడుల పిల్లలకు ట్యూషన్ అయ్యేసరికి రాత్రవుతోంది. బీడీ ఇళ్లల్లో ఆడపిల్లల మీద ఇంటిపని భారం ఇంకా ఉంది.

మన బ్యాచ్ తరఫున బడికి కమాను కట్టిద్దామని అనుకుంటున్నారు. దాని బదులు ఊళ్లోని ప్రాథమిక పాఠశాలకు ఒక బొమ్మల బీరువా ఇద్దామని నా కోరిక. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేయగా 2023లో విడుదలైన ‘జాదూయీ పిటారా’ (మాయల పెట్టె)లో బొమ్మలు, పజిళ్లు ఉన్నాయి. ఎట్లాంటివి కొనాలో చూసుకోవడానికి అది పనికొస్తుంది. నిర్మల్ కళాకారుల దగ్గర చెక్క బొమ్మలు కూడా తెద్దాం, పిల్లల చేతికే ఇద్దాం. బడి వదిలాక ఒక గంట ఆడపిల్లల కోసం గది తెరిచి ఉంచే బాధ్యత నేను తీసుకుంటాను, తల్లులతో నేనే మాట్లాడతాను. బీరువాకు తాళం వేయొద్దు, విరిగినవాటి పద్దు రాయొద్దు. ఏడాదికోసారి కొత్తవి కొనడానికి ఎవరెవరు ఎంత ఇవ్వగలరో భోజనాల దగ్గర నాకు చెప్పండి, రాసుకుంటాను.