పక్కింటివాళ్ళు పడుకున్నాక

‘రాత్రి 10 దాటింది, దయచేసి ఆపండి.’ తలుపుకి అంటించిన పసుపు చీటీ. కింది ఫ్లాటువాళ్ళది. మన దగ్గర ధనుర్మాసంలో గుడి మైకు తెల్లారకుండానే వీధినంతా లేపినా ఎవరూ చీటీ రాయరు. ఇక్కడ గిటార్ ఆంప్లిఫయర్ శబ్దం రెండో నంబరు మీద ఉన్నా తప్పే. ఆ మంట చల్లారకముందే జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గమరీ మీద డాక్యుమెంటరీ చూస్తే, బొటనవేలి కథ దగ్గర చురుక్కుమంటుంది.

అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఆయన పగలు 7 నుంచి 3 దాకా రేడియో విడిభాగాల ఫ్యాక్టరీలో, రాత్రి 9 నుంచి 2 దాకా టర్ఫ్ బార్‌లో, 2:30 నుంచి 5 దాకా మిసైల్ రూమ్ అనే క్లబ్బులో గిటార్ వాయిస్తూ. 1959లో శాక్సఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ ఆయన్ని విన్నది ఆ మూడో డ్యూటీలోనే. అంతకు చాలా ముందు, గిటార్ కొత్తగా నేర్చుకునే రోజుల్లో, ఇంట్లో సాధనకి ఊరు నిద్రపోయే వేళే మిగిలేది. ఇరుగుపొరుగు గొడవ పెడితే పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) పక్కనపెట్టి బొటనవేలి కండతో మీటడం మొదలుపెట్టాడంటారు. సినిమాల్లో ఈ ముక్కని ముచ్చటగా చెప్పి దాటేస్తారు. అసలు పనంతా అక్కడే ఉంది.

1965లో డచ్ టీవీ తీసిన నలుపు తెలుపు దృశ్యాల్లో కుడిచెయ్యి చూడండి. మిగతా వేళ్ళు తీగల కింద ఉండే పలక, పిక్‌గార్డు, మీద ఆనించి ఉంటాయి, బొటనవేలు కదులుతుంది. మీటు దాదాపు ఎప్పుడూ కిందికే. మణికట్టుతో లాగితే వేగం పెంచేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. నిమిషానికి 60 దెబ్బల దగ్గర మొదలుపెట్టడమే మేలు. వీణ నేర్చినవాళ్ళకి మీటడమంటే చూపుడు, మధ్యవేళ్ళు. బొటనవేలు కొన్నాళ్ళు మాట వినదు.

ఇక ఆక్టేవ్‌లు, అంటే ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో కలిపి మోగించడం. ఎడమచేతి చూపుడువేలు 6వ తీగ (అన్నిటికంటే లావుది) 5వ ఫ్రెట్‌లో (ఫ్రెట్లంటే వీణ మెట్లలాంటివి), ఉంగరంవేలు 4వ తీగ 7వ ఫ్రెట్‌లో. మధ్యలో 5వ తీగని చూపుడువేలి కొస తాకి మూగబోయించాలి, అదే వేలు కాస్త పడుకుంటే సన్న తీగలూ నోరు మూస్తాయి. వేలు నిటారుగా నిలబడిందా, అనవసరమైన స్వరం మోగుతుంది. అందరూ తడబడేది 4, 2 తీగలకి మారినప్పుడు: 3వ తీగకీ 2వ తీగకీ మధ్య శ్రుతి దూరం మిగతా జతలకంటే తక్కువ, కాబట్టి రెండు కాదు, మూడు ఫ్రెట్లు పైకి, చిటికెనవేలితో.

బొటనవేలితో మీటితే పిక్ టకటక పోతుంది, నిజమే. కానీ ఈ చెక్క ఫ్లోర్ల ఇళ్ళలో కిందికి దిగేది ఆ టకటక కాదు, మంద్రం. ఆంప్‌ని నేలమీద పెడితే ఇంటి దూలాలే స్పీకర్లవుతాయి. నాలుగు మడతల బొంత వేసి దాని మీద పెట్టి, బాస్ తిప్పే మీట సగానికి తగ్గిస్తే కొంతవరకు సర్దుకుంటుంది.

అయినా ఆ ‘దయచేసి’ కింద రెండు గీతలు గీయకుండా ఉండాల్సింది.