నా గంట ఖరీదు ఎంత?

"నెట్‌వర్క్ కార్డు రెండున్నర దినార్లు. నువ్వు పొద్దున్నుంచి దాన్ని పట్టుకుని కూర్చున్నావు. నీ గంట ఖరీదు ఎంతో తెలుసా భాయ్? మన ఊళ్లలో చేసే పని ఇక్కడ చెయ్యకు" అన్నాడు మా కంప్యూటర్ రిపేరు కంపెనీ సూపర్‌వైజరు, అదీ కస్టమరు ముందు. ఆయనది కేరళ. పరాయి దేశం వాడైతే దులిపేసుకునేవాణ్ణి, మనోడే అనేసరికి రాత్రి నిద్రపట్టలేదు.

కువైట్ షువైఖ్‌లో కార్ల స్పేర్ పార్టుల గోడౌన్ అది. ఓ మూల ముసలి కంప్యూటరు, అందులో ఇంకా విండోస్ ఎక్స్‌పీ. మైక్రోసాఫ్ట్ దాన్ని 2014 ఏప్రిల్‌లోనే వదిలేసింది గానీ వీళ్లు వదల్లేరు, స్టాకు లెక్కల ప్రోగ్రాము అందులోనే నడుస్తుంది, దాన్ని రాసిన వాళ్లు ఎప్పుడో దుకాణం మూసేశారు. నెట్‌వర్క్ వస్తుంది, పోతుంది, అదీ కంప్లెయింటు.

కేబుల్ మార్చాను, స్విచ్‌లో పోర్టు మార్చాను, అయినా అదే కథ. నెట్‌వర్క్‌లో మిషనుకుండే అడ్రసు, అదే ఐపీ, చూస్తే 169.254తో మొదలవుతోంది, అంటే అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాక విండోస్ తనకు తానే పెట్టుకున్న అడ్రసు. అక్కడి కుర్రాడొకడు 127.0.0.1కి, అంటే మిషను తనను తాను పిలుచుకునే అడ్రసుకు, పింగ్ కొట్టి (జవాబు వస్తుందా అని పలకరించి) "వస్తోంది కదా, కార్డు బాగానే ఉంది" అన్నాడు. ఆ పింగ్ కార్డు దాకా పోనే పోదు, విండోస్ లోపలే తిరిగి వచ్చేస్తుంది, కార్డు పీకి బల్ల మీద పెట్టినా వస్తుంది. మిషన్లో ఉన్న పార్టుల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌లో చూస్తే రియల్‌టెక్ 8139 కార్డు ఒకసారి పసుపు గుర్తుతో కనపడుతుంది, రీస్టార్ట్ చేస్తే అసలు ఉండదు. ఇట్లా వచ్చిపోతోందంటే ముందు అనుమానించాల్సింది స్లాటులో కాంటాక్టునే. పవర్ వైరు తీసి, కార్డు పీకి చూస్తే అంచున బంగారు రంగులో ఉండాల్సిన గీతలన్నీ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. స్కూలు పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్దుతున్నాను. ఆయన వచ్చింది సరిగ్గా అప్పుడే.

కొత్త కార్డు వేసేస్తే పోయేది కదా అని మీరూ అంటారేమో. ప్రతి కార్డుకూ మ్యాక్ అడ్రస్ అని 48 బిట్ల నంబరు ఒకటి ఉంటుంది, అది కార్డుతోనే వస్తుంది, కార్డుతోనే పోతుంది. ప్రోగ్రాము లైసెన్స్ స్క్రీన్ మీద ఉన్న నంబరూ, ఈ కార్డు మీద అతికించిన స్టిక్కరు నంబరూ ఒకటే. కార్డు మారిస్తే లైసెన్సు పోతుంది, కొత్త లైసెన్సు అడగడానికి ఎవరూ లేరు. డ్రైవర్ సెట్టింగ్స్‌లో పాత నంబరు టైపు చేసి ఏమార్చొచ్చు, కొన్ని ప్రోగ్రాములు నమ్ముతాయి, కొన్ని కార్డులో ఉన్న అసలు నంబరే అడుగుతాయి. రెండున్నర దినార్ల కార్డు కోసం గోడౌన్ మొత్తం ఆగిపోయేది. ఇదంతా సూపర్‌వైజరుకు చెప్పాను. "ముందే కంప్లెయింటు టికెట్‌లో రాయొచ్చు కదా" అన్నాడు. అంతే, సారీ గీరీ ఏం లేదు.

ఇంతకీ ఇవన్నీ నేను నేర్చుకుంది కడపలో, కోటిరెడ్డి సర్కిల్ దగ్గర చిన్న షాపులో. ఇంటర్నెట్ సెంటర్ల మిషన్లు వచ్చేవి, మూత తీస్తే దోసెడు దుమ్ము. అదే కార్డును పక్క స్లాటులో పెడితే ఎక్స్‌పీ కొత్త కార్డు అనుకునేది, పాత ఐపీ ఇవ్వబోతే ఇది ఇంకో అడాప్టరుకు, అంటే ఇంకో కార్డుకు, ఉందని మొండికేసేది, ఆ ఇంకో అడాప్టరేమో కంటికి కనపడదు. దాన్ని వెతికి తీసేయడం మా ఓనరన్న నేర్పించాడు. ఎంత చేసినా చివర్లో కస్టమరు మాట ఒక్కటే: "ఏమప్పా, ఏమీ మార్చలేదు కదా, రుద్దినందుకు రెండు నూర్లా?" అన్న నవ్వి "నీకు తోచినంత ఇయ్యి సామీ" అనేవాడు. కొత్త పార్టు వేశామంటే మాత్రం కిమ్మనకుండా ఇచ్చేవాళ్లు. అందుకే కొంతమంది బాగైన కార్డు కూడా పీకి కొత్తది వేసి బిల్లు రాసేవాళ్లు. అన్న ఆ పని చెయ్యలేదు, ఆయన షాపు రేకుల కప్పూ మారలేదు.

ఇక్కడ మా కంపెనీ ఆ రోజు బిల్లు చూశాను. పార్టుల గడిలో సున్నా, లేబర్ గడిలో పన్నెండు దినార్లు. కస్టమరు చదివి, మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. నిజం చెప్తున్నా, ముచ్చటేసింది. నా చేతి పనికి ఒక గడి ఉండడం నేను మొదటిసారి చూడడం. ఆ ముచ్చట రూముకొచ్చి లెక్క వేసుకునే దాకానే. నా జీతం నూట అరవై దినార్లు, నెలకు ఇరవై ఆరు రోజులు, రోజుకు పది గంటలు, అంటే గంటకు ఆరు వందల ఫిల్సు చిల్లర (వెయ్యి ఫిల్సులైతే ఒక దినారు). నాలుగు గంటలు రుద్దినా ఆ కార్డు ధర దాటను! మరి ఆయన చెప్పిన ఖరీదైన గంట ఎవరిది?

ఫర్వానియాలో మా రూము నిండా రాజంపేట, రాయచోటి వాళ్లే. ఈ లెక్క చెప్తే పడీపడీ నవ్వారు. ఇంటి డ్రైవరుగా చేసే మామ "నీకన్నా గంట ఉందిరా, నాకు ఇరవై నాలుగ్గంటలూ కఫీల్‌వే" అని (కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని) సంగటి గిన్నె నా వైపు జరిపాడు.

జుమ్మా రోజు కడపకు ఫోన్ చేసినప్పుడు ఓనరన్నకు ఈ బిల్లు సంగతి చెప్పాను. "పన్నెండు దినార్లంటే మన దుడ్లు ఎంత?" అన్నాడు. మూడు వేలు పైనే అన్నా అన్నాను. "దేనికీ, రబ్బరుకా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత తేరుకుని "అయితే రేపట్నుంచి నేనూ బిల్లు బుక్కులో లేబర్ అని ఒక గడి గీస్తాలే, ఎవడిస్తాడో సూద్దాం" అన్నాడు.