కొట్టంలో ఎడ్లు లేకపోయినా

దగ్గు మొదలైనప్పుడు నేను పట్టించుకోలేదు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, గుడ్డల దుమ్ము అనుకున్నాను. మా ఊరు దేవరకద్ర దగ్గర. ఊళ్లో చూపించుకుంటే ఒక సిరప్ ఇచ్చారు, తగ్గకపోతే ఇంకో సిరప్ ఇచ్చారు. అట్లా రెండు నెలలు పోయాయి. పొద్దుగూకేసరికి సన్నగా జ్వరం, రాత్రి చెమటకు పక్కంతా తడి. ఒకరోజు తెమడలో రక్తం చార కనిపించింది. భయమేసి మహబూబ్‌నగర్ వెళ్లాం. తెమడ పరీక్ష చేసి, ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. అప్పుడు నా బరువు 41 కిలోలు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలని ఆ రోజే తెలిసింది.

వైద్యం ఆరు నెలలు. మందులకు డబ్బు పెట్టే పని లేదు. పరగడుపున రోజుకు మూడు మాత్రలు, నా బరువుకు అంతే. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు, తర్వాత మూడు. మూత్రం ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు. చెప్పినా మొదటిరోజు బాత్‌రూంలో గట్టిగా అరిచేశాను. అది రిఫాంపిసిన్ మందు రంగు, అంతే. ఆ రంగు కన్నా వికారమే ఎక్కువ బాధపెట్టింది. జొన్నరొట్టె కాలుతున్న వాసనకే కడుపులో తిప్పేది.

వీటన్నిటికన్నా నా ఆరేళ్ల బిడ్డను వేరే గదిలో పడుకోబెట్టడమే తట్టుకోలేకపోయాను. కుట్టడానికి ఇచ్చినవాళ్లు సగం కుట్టిన బట్టలు కూడా వాపసు పట్టుకెళ్లారు.

మాది ఎం.బి. (మెన్నొనైట్ బ్రెదరెన్) చర్చి. సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, వాకిట్లో వేపచెట్టు కిందే నిలబడి, "సంతోషంగా ఉండు సిస్టర్, ఎప్పుడూ ఆనందించమని పౌలు రాసిండు కదా" అన్నారు. నాకు ఒళ్లు మండింది. బైబిల్లో పౌలు ఆ మాట జైల్లో కూర్చుని రాశాడు, వీళ్లు చెట్టు నీడన నిలబడి చెప్తున్నారు అనుకున్నాను. మా చుట్టం ఒకాయన ఇంకా ముందుకుపోయి, మాత్రలు ఆపి ఉపవాస ప్రార్థన చేయమన్నాడు. ఈ మాట పాస్టర్‌గారికి తెలిసి ఆయనే ఇంటికి వచ్చారు. "ప్రార్థన మేం చేస్తం, మాత్రలు నువ్వు వేసుకో. మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీ అయితదమ్మా" అన్నారు. విశ్వాసం తక్కువైతేనే మందులు వేసుకుంటారనే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో నేను వాదించను, మా పాస్టర్‌గారి దగ్గరికి పంపిస్తాను.

మా అత్తమ్మకు చదువు రాదు. రోజూ సాయంత్రం నా గది గడప మీద కూర్చుని బైబిల్లోని హబక్కూకు ప్రవక్త పుస్తకం చివరి మాటలు చెప్పేది. అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పండకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా నేను దేవునియందు సంతోషిస్తాను అనే మాటలు అవి. అంజూరం ఆమె ఎన్నడూ చూసింది కాదు. అందుకని సీతాఫలం చెట్టు అనేది. ఆ మాటల్లో ద్రాక్ష కూడా ఉంది, దాన్ని ఎప్పుడూ మర్చిపోయేది.

కరువొచ్చిన ఏడాది రెండు ఎడ్లూ అమ్ముకుని, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట మట్టిపనికి వలసపోయారు అత్తమ్మవాళ్లు. మా ఆయన అప్పుడు చంటిపిల్లాడు. ఈ మాటలు అత్తమ్మకు అక్కడి గుడిసెల్లో ఒకామె నేర్పిందట.

"ఎడ్లు పోయినంక సంతోషం ఎట్లొచ్చింది అత్తమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"వచ్చిందని ఎవరన్నరు బిడ్డా? ఏడ్చుకుంటనే చెప్పిన. చెప్పినంక అన్నం తినబుద్ధి అయింది. గంతే."

ఆ "గంతే" నన్ను పట్టుకుంది. తెల్లారి మాత్రలు మింగి, వికారం వచ్చినప్పుడు గోడకు ఆనుకుని అవే మాటలు అనుకున్నాను. దర్శనాలేం రాలేదు. బావి తవ్వుతుంటే అడుగున చెమ్మ తగిలినట్టు ఏదో తగిలింది. ఆ రోజు రెండు ముద్దలు తిన్నాను. భయం పోలేదు. కానీ భయం పక్కనే అది కూడా ఉండిపోయింది. బిడ్డ కిటికీలోంచి చెయ్యి ఊపితే ఏడుపు రాకుండా తిరిగి ఊపగలిగాను.

రెండు నెలలకు తెమడలో క్రిమి లేదన్నారు. బిడ్డ మళ్లీ నా పక్కలోకి వచ్చింది. పౌష్టికాహారానికి ప్రభుత్వం నెలకు 500 ఇచ్చేది, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ఆ డబ్బు గుడ్లకూ పల్లీలకూ అయింది. ఆరు నెలలు పూర్తయ్యేసరికి 49 కిలోలు ఉన్నాను. ఎక్స్‌రేలో మచ్చ ఉంది, అది అట్లనే ఉంటుందట. మెట్లెక్కితే ఇంకా ఆయాసమే.

తిరిగి గుడికి వెళ్లిన ఆదివారం పాస్టర్‌గారు నన్ను వాక్యం చదవమన్నారు. హబక్కూకు తీశాను. పుస్తకం ముందే ఉంది, అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. అయినా నోట్లోంచి "సీతాఫలం చెట్లు పూయకపోయినా" అని వచ్చేసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు చాప మీద కూర్చున్న అత్తమ్మ మాత్రం సరిగ్గానే చదివానన్నట్టు తలూపింది.