చెక్క ఫ్లోర్ మీద దీపం నూనె మరక: తుడవాలా, పీల్చాలా?

అమెరికాలో మన ఇళ్లలో హార్డ్‌వుడ్ ఫ్లోర్ మీద జిడ్డు మరకలు ఎక్కువగా రెండు చోట్ల పడతాయి: స్టవ్ ముందు, దేవుడి పీట కింద. స్టవ్ ముందు పడేది పోపు చిటపటల తుంపర. కంటికి కనిపిస్తుంది కాబట్టి ఏ రోజుకా రోజు తుడిచేస్తాం. దీపం నూనె అలా కాదు. వత్తి కొస ప్రమిద మూతి దాటి బయటికి వాలితే దాని వెంటే నూనె బొట్లు బొట్లుగా దిగుతుంది. మట్టి ప్రమిదైతే అడుగు నుంచి కూడా చెమరుస్తుంది. ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెడితే ఆ చెమర్పు తగ్గుతుంది గానీ పూర్తిగా ఆగదు. ఏ పండక్కో పీట జరిపినప్పుడు చూస్తే ప్రమిద అడుగంత గుండ్రంగా నల్లటి మచ్చ.

అది చూసి కంగారుగా వేడినీళ్లు, వెనిగర్, బేకింగ్ సోడా అన్నీ తెచ్చుకోకండి. నూనె కోటింగ్ మీదే ఉందా, చెక్కలోకి దిగిందా? ముందు అది తేలాలి. పైన ఉంటే సబ్బుతో పోతుంది. లోపలికి దిగితే సబ్బుతో ఎంత రుద్దినా రాదు. పైగా ఆ నీళ్లు చెక్కకు నూనె కంటే ఎక్కువ హాని చేస్తాయి.

తేల్చుకోవడానికి ఒక్క నీటి చుక్క చాలు. మరక మీద మాత్రం వెయ్యకండి. నూనె పీల్చిన చెక్క మీద కూడా నీళ్లు ముత్యంలాగే నిలబడతాయి, దాంతో కోటింగ్ బాగుందని మోసపోతాం. మరక పక్కనే, అంతే అరిగిన చోట వేసి పది నిమిషాలు చూడండి. చుక్క అలాగే ఉంటే పాలీయురేతేన్ (ప్లాస్టిక్ పొరలా గట్టిపడే పూత) లాంటి కోటింగ్ గట్టిగా ఉన్నట్టు. కింద చెక్క నల్లబడితే కోటింగ్ అరిగిపోయినట్టు. తెల్లటి మచ్చ పడితే అది మైనం పూసిన ఫ్లోర్ అయ్యే అవకాశం ఎక్కువ.

కోటింగ్ బాగుంటే పని సులువు. తాజా నూనెను పేపర్ టవల్‌తో అద్దండి, రుద్దితే వెడల్పవుతుంది. పైన కార్న్‌స్టార్చ్ గానీ బియ్యప్పిండి గానీ దట్టంగా చల్లి అరగంట వదిలేసి ఎత్తెయ్యండి. తర్వాత రెండు కప్పుల గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు చుక్కల డిష్ సోప్ కలిపి, గుడ్డ ముంచి, నీరు కారనంతగా పిండి, పలక పొడవునా తుడవండి. ఆ వెంటనే మంచినీళ్ల గుడ్డ, దాని వెంటే పొడిగుడ్డ. సబ్బు పొర మిగిలితే దాని మీద దుమ్ము పట్టి, మరక తిరిగి వచ్చినట్టే ఉంటుంది. పలకల మధ్య సందుల్లోకి వెళ్లిన జిడ్డుకు పుల్లకు పల్చటి గుడ్డ చుట్టి తుడవండి. ఆ సందుల్లోకి నీళ్లు పోనివ్వకూడదు.

ఏ నూనె అన్నదాన్ని బట్టి కూడా పద్ధతి మారుతుంది. నెయ్యి, కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడతాయి, ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా గీకితే చాలా మటుకు లేచిపోతాయి. గడ్డకట్టకపోతే ఐసుముక్కలు జిప్ కవర్‌లో వేసి కాసేపు ఆనించండి. నువ్వులనూనె, పొద్దుతిరుగుడు నూనె పాతబడే కొద్దీ గాలి తగిలి చిక్కబడి బంకలా పట్టుకుంటాయి. ఆ బంకకు సబ్బునీళ్లు చాలవు. తెల్లగుడ్డ మీద కొంచెం మినరల్ స్పిరిట్స్ (పెయింట్‌ను పల్చబరిచే ద్రవం) వేసుకుని రుద్దాలి. ముందు ఏ మూలో చిన్నచోట ప్రయత్నించి చూడండి. పూర్తిగా గట్టిపడిన పాలీయురేతేన్‌కు ఏమీ కాదు. మైనం ఫ్లోర్ అయితే మైనం కూడా లేచొస్తుంది కాబట్టి తర్వాత ఆ చోట మళ్లీ పూయాలి. మినరల్ స్పిరిట్స్ త్వరగా నిప్పంటుకునే ద్రవం. దీపం, స్టవ్ ఆర్పి, కిటికీలు తీశాకే సీసా మూత తియ్యండి. వాడిన గుడ్డలు ఉండచుట్టి చెత్తబుట్టలో పడెయ్యకుండా బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

ఆవకాయ నూనె పడితే జిడ్డుతో పాటు రంగు కూడా దిగుతుంది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, కుంకుమ తయారయ్యేది కూడా ఆ గుణం వల్లే. అది చూసి మరక పెద్దదైందని భయపడి ఇంకా గట్టిగా రుద్దుతారు. అక్కర్లేదు. జిడ్డు తీసేసి, మిగిలిన పసుపు ఛాయను ఎండకు వదిలెయ్యండి. కిటికీ తెర తీసి ఉంచితే కొద్దిరోజుల్లో వెలిసిపోతుంది.

ఇక చెక్కలోకి దిగిన నూనె. ఓక్ పలకల్లోనే తేడా ఉంది. రెడ్ ఓక్ రంధ్రాలు గొట్టాల్లా తెరుచుకుని ఉంటాయి, చిన్న ముక్క ఒక కొసన ఊదితే గాలి రెండో కొసన వస్తుంది. వైట్ ఓక్‌లో ఆ గొట్టాలు మూసుకుని ఉంటాయి. అందుకే కోటింగ్ అరిగిన రెడ్ ఓక్‌లో నూనె లోతుగా, పలక పొడవునా పాకుతుంది. దాన్ని తోమి తియ్యలేం, పైకి లాగాలి. వాసన లేని టాల్కమ్ పౌడర్ లేదా కార్న్‌స్టార్చ్ నాలుగు టేబుల్ స్పూన్లు తీసుకుని, మినరల్ స్పిరిట్స్ కొద్దికొద్దిగా పోస్తూ గారెల పిండిలా, జారకుండా కలపండి. ముల్తానీ మట్టి లాంటి రంగున్న పొడి వద్దు, ఓక్ రంధ్రాల్లో కూరుకుపోతుంది. మరక చుట్టూ అంగుళం ఎక్కువగా, పావు అంగుళం మందాన పరిచి పైన క్లింగ్ ర్యాప్ కప్పండి. అంచులకు టేప్ అంటించకండి, తీసేటప్పుడు దానితో పాటు కోటింగ్ పెచ్చులా లేస్తుంది. రెండు గరిటెలు బరువు పెడితే సరిపోతుంది.

రాత్రంతా అలా ఉంచి పొద్దున కవర్ తియ్యండి. చాలామంది అప్పుడే ముద్దను కూడా తీసి పారేస్తారు, పని చెడేది ఇక్కడే. కవర్ కింద జరిగేది నూనె కరగడం మాత్రమే. ముద్ద ఆరేటప్పుడు ద్రవం పైకి వస్తూ నూనెను పొడిలోకి లాక్కొస్తుంది. కాబట్టి వేలితో నలిపితే పొడి రాలేదాకా ఆరనిచ్చి, ఆ తర్వాత ప్లాస్టిక్ గరిటెతో ఎత్తండి. పాత మరకకు రెండు మూడు సార్లు వెయ్యాల్సి వస్తుంది. ముద్దలో జిడ్డు ఛాయ కనిపిస్తున్నంత కాలం ఫలితం ఉన్నట్టే. ఆయిల్ ఫినిష్ ఫ్లోర్ (పైన పొర లేకుండా చెక్కకే ఆయిల్ పట్టించింది) అయితే చివర అదే రకం ఆయిల్ మళ్లీ పట్టించాలి, లేదంటే ఆ చోటు పాలిపోయి కనిపిస్తుంది.

కొన్ని మాత్రం దగ్గరికి రానివ్వకండి. తడి బేకింగ్ సోడా, అమ్మోనియా క్షారాలు, ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి చెక్కను నల్లగా చేస్తాయి. స్టీల్ ఊల్ తునకలు సందుల్లో మిగిలి తడి తగిలితే నల్ల చుక్కలు పడతాయి. వెనిగర్ మెరుపును తగ్గిస్తూ పోతుంది. తెల్లటి మ్యాజిక్ స్పాంజి మరకతో పాటు మెరుపును కూడా గీకేస్తుంది. స్టీమ్ మాప్ ఆవిరిని నేరుగా సందుల్లోకి తోస్తుంది. మరక కప్పడానికి రబ్బరు అడుగున్న మ్యాట్ వేస్తే దాని కింద కోటింగే రంగు మారుతుంది.

ఇన్ని చేసినా పోకపోతే సాండింగే, అంటే గరుకు కాగితంతో పైభాగాన్ని అరగదీయడమే దారి. ముప్పావు అంగుళం మందం, అంతా ఒకే చెక్క అయిన పలక చాలాసార్లు తట్టుకుంటుంది. ఇంజనీర్డ్ ఫ్లోర్‌లో (ప్లైవుడ్ లాంటి అడుగు మీద అసలు చెక్క పొర అతికించింది) పై పొర 2 మి.మీ. లోపు ఉంటే సాధారణంగా ఆ జోలికి వెళ్లకూడదు. పనివాళ్లు వచ్చిన రోజే ఇక్కడ దీపం నూనె దిగిందని వేలు పెట్టి చూపించి చెప్పండి. నూనె మిగిలిన చెక్క మీద కొత్త పాలీయురేతేన్ పరుచుకోకుండా చేపకళ్లలాంటి గుంటలు పడుతుంది. ఆ చోట ముందు మినరల్ స్పిరిట్స్‌తో తుడిచి ఆరబెట్టి, మైనం తీసిన షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) ఒక పూత వేస్తే అడుగు నూనె పైకి రాదు, కోటింగ్ దాని మీద పట్టుకుంటుంది.