కవితల ఫైలు నుంచి అచ్చు పుస్తకం దాకా: నా అనుభవం

కవితా సంపుటి వేయడమంటే ఉన్న కవితలన్నీ ఒక ఫైల్లో పెట్టి ప్రెస్సుకి పంపడమే అనుకునేవాళ్లు చాలామంది. కథల పుస్తకానికి ఆ పద్ధతి ఎలాగోలా నడుస్తుంది. వచనంలో వాక్యం ఎక్కడ తెగి కింది లైన్లోకి దిగినా అర్థం మారదు. కవితలో పాదం ఎక్కడ విరగాలో కవి తేల్చి పెట్టుకున్నది. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని), ఫాంట్ మార్పిడి, పేజీ కొలత, చివరికి కాగితం కూడా దాన్ని చెడగొట్టగలవు. సొంత ఖర్చుతో నా సంపుటి వేసుకున్నప్పుడు పని ఏ వరసలో నడిచిందో, ఎక్కడెక్కడ కాపలా కాయాల్సి వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి పని ఏరివేత. 128 పేజీల డెమీ సైజు పుస్తకంలో లోపలి అట్ట, హక్కుల పేజీ, అంకితం, ముందుమాట, విషయసూచిక పోను కవితలకు 112 పేజీల లోపే మిగులుతాయి. ప్రతి కవితా కొత్త పేజీలో మొదలవ్వాలి కాబట్టి పేజీన్నర కవిత రెండు పేజీలు తింటుంది. ఆ లెక్కన 60, 65 కవితలకు మించి పట్టవు. పట్టించాలని చూడకూడదు కూడా. నా జాబితాను ఇద్దరికి ఇచ్చాను, ఒకరు కవిత్వం రాసేవారు, ఒకరు చదవడమే తప్ప రాయనివారు. "ఎలా ఉన్నాయి?" అని అడిగితే మొహమాటానికి "బావున్నాయి" అంటారు. "పది తీసేయమంటే ఏవి తీస్తారు?" అని అడిగితే మాత్రం నిజం బయటికొస్తుంది. ఇద్దరూ వద్దన్న కవితను ఇక వాదించకుండా పక్కన పెట్టాను. ఒక్కరే వద్దన్నదాని సంగతి నేను చూసుకున్నాను.

ఏరివేతలోనే ఇంకో పని ఉంది. విడివిడిగా పత్రికల్లో వచ్చినప్పుడు కనిపించని పునరుక్తి పుస్తకంలో పట్టుబడిపోతుంది. ఫైల్లో వెన్నెల, మౌనం, జ్ఞాపకం, రెక్కలు లాంటి మాటలు వెతికి చూడండి. "మౌనం" అని వెతికితే "మౌనాన్ని", "మౌనాలు" దొరకవు. "మౌన" దాకానే కొట్టి వెతకాలి. ఒకే ప్రతీక నాలుగు కవితలకూ ఆధారంగా నిలబడితే మూడింటిని మార్చాలి, లేదా తీసేయాలి. వరస పెట్టేటప్పుడు రాసిన తేదీల క్రమాన్ని నేను నమ్మను. ప్రింట్లు నేలమీద పరుచుకుని, ఒక కవిత చివరి పాదాన్నీ తర్వాతి కవిత మొదటి పాదాన్నీ కలిపి చదివాను. ఒకే ధోరణి ముగింపులు వెంటవెంటనే వస్తే అక్కడే తెలిసిపోతుంది. కవిత కింద తేదీ, ఊరు వేయడం మనకు పాత అలవాటు. కవితకు ఆ సందర్భం తెలియాల్సిన అవసరం ఉంటే తప్ప అవి వద్దు.

హక్కుల విషయం త్వరగా తేలిపోతుంది. పత్రికలో అచ్చయినంత మాత్రాన కవిత హక్కు పత్రికకు పోదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అయినా మొదట ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో పుస్తకం చివర వేయడం మర్యాద. అందుకని ప్రచురణ వివరాలు ముందునుంచీ ఒక పట్టికలో రాసి పెట్టుకోవడం మంచిది. పత్రికలకు ఎలాగూ "ఇది నా స్వంత రచన, అనువాదమో అనుసరణో కాదు, వేరే పత్రిక పరిశీలనలో లేదు" అని హామీ రాసిస్తాం. ఏది ఎక్కడ పరిశీలనలో ఉందో తెలియడానికి కూడా ఆ పట్టికే దిక్కు. పుస్తకం మొదట్లో వేరే కవి పాదాలు వేసుకోవాలనుకుంటే ఆ కవి పోయి 60 ఏళ్లు దాటిందో లేదో చూసుకోవాలి. దాటకపోతే వారసుల అనుమతి అడగడమే నిశ్చింత.

ముందుమాట ఒక్కటి చాలు. మూడేసి ముందుమాటలు, వాటి పైన కవి మాట, ఆ పైన కృతజ్ఞతలు వేస్తే పాఠకుడు మొదటి కవిత దగ్గరికి చేరేసరికే అలసిపోతాడు. ముందుమాట రాసేవారికి కవితల వరస ఖాయమయ్యాకే, అదీ కాగితం మీద ప్రింటు తీసి ఇవ్వాలి. మధ్యలో కవితలు తీసేస్తే లేని కవిత గురించి ముందుమాటలో పేరా మిగిలిపోతుంది! రెండు నెలలు గడువు అనుకుని, ఈలోగా డీటీపీ పని మొదలుపెట్టుకోవచ్చు.

అసలు యుద్ధం అక్కడే. మనం ఫోన్లోనో కంప్యూటర్లోనో, అన్ని యంత్రాలూ చదవగలిగే అక్షర పద్ధతైన యూనికోడ్‌లో రాస్తాం. తెలుగు డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పని పాత పేజీ సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో 'అను' అనే, యూనికోడ్ కాని ఫాంట్ల మీద నడుస్తుంది. కాబట్టి మన ఫైలును కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. ఎక్కడ దెబ్బతింటుందో తెలిస్తే ప్రూఫులో (దిద్దడానికి తీసే ప్రింటులో) అక్కడే ముందు వెతకొచ్చు. పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా పెట్టే కనిపించని గుర్తు ఎగిరిపోతే "ఫోన్‌లో" కాస్తా "ఫోన్లో" అవుతుంది, "హాల్‌మీద" అన్నది "హాల్మీద" అవుతుంది. అను ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలు ఉంటాయి గనక కవితలో ఇంగ్లిషు మాట ఉంటే అది అర్థంలేని తెలుగు అక్షరాల గుంపుగా దిగుతుంది. కొటేషన్ గుర్తులు, మూడు చుక్కలు, పొడుగు గీతలు కూడా ఇదే దారిలో చెడతాయి. అరసున్న, ఱ వాడేవాళ్లు వాటిని ప్రత్యేకంగా చూసుకోవాలి. పాదాన్ని లోపలికి జరపడానికి స్పేస్‌బార్ కొట్టి ఉంటే ఆ ఖాళీలు ఉంటాయో పోతాయో చెప్పలేం. నేను అలాంటి కవితల ప్రింటు తీసి, ఎంత లోపలికి జరపాలో స్కేలుతో గీత గీసి ఇచ్చాను.

యూనికోడ్‌లోనే పేజీలు పెట్టే సెంటరు దొరికితే ఈ బాధ సగం తగ్గుతుంది. పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ అయిన ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగ్గా రావాలంటే వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక ఎంచుకోవాలి. అది పెట్టకపోతే వత్తులు అక్షరం కింద కూర్చోకుండా పక్కన విడిగా పడతాయి.

ఇక పేజీ. డెమీ 1/8 అంటే కోత అయ్యాక సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. అటూ ఇటూ మార్జిన్లు పోతే అక్షరాలకు మిగిలేది నాలుగంగుళాల పైచిలుకు. మనం వెడల్పాటి తెర మీద రాసుకున్న పాదం అందులో పట్టకపోవచ్చు. ఉదాహరణకి ఈ పాదం:

ఊరంతా నిద్రపోయాక కూడా గిలక ఒక్కటే మాట్లాడుతున్న రాత్రి

14 పాయింట్లలో వేస్తే "రాత్రి" కిందికి జారి, ఎడమ అంచున ఒంటరిగా నిలబడుతుంది. చదివేవాడు అది ఏకపద పాదమనీ, కవి ఆ మాట మీద బరువు పెట్టాడనీ అనుకుంటాడు. దీనికి మందులు మూడు: అక్షరం సైజు తగ్గించడం, జారిన ముక్కను బాగా లోపలికి జరిపి అది పై పాదానికి కొనసాగింపేనని చూపించడం, లేదా కవే పాదాన్ని వేరే చోట విరవడం. ఒక్క కవిత కోసం సైజు తగ్గించకూడదు, పుస్తకమంతా ఒకటే సైజు ఉండాలి. అందుకే డీటీపీకి ఇవ్వకముందే నా ఫైల్లో పేజీని అదే కొలతకు పెట్టుకుని పట్టని పాదాలన్నీ తేల్చుకున్నాను. కొన్ని కవితల్లో విరుపు మార్చాను, మిగతావాటికి లోపలికి జరపమని రాసిచ్చాను.

అక్షరం 12 పాయింట్లయితే లైను నుంచి లైనుకి 17, 18 పాయింట్లు కావాలి. ఇంగ్లిషు కొలతలో 14 పెడితే పై లైను వత్తులు, కింది లైను గుడులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. "స్త్రీ", "రాష్ట్ర" లాంటివి ఉన్న పాదాలు చూస్తే చాలు, తెలిసిపోతుంది. రెండు పేజీల కవిత వీలైనంతవరకు ఎడమ పేజీలో మొదలవ్వాలి. అప్పుడు పేజీ తిప్పకుండా కవితంతా ఒకేసారి కనిపిస్తుంది. చరణాల మధ్య ఖాళీ సరిగ్గా పేజీ చివర పడితే ఇంకా ప్రమాదం, తర్వాతి పేజీలో కొత్త చరణం మొదలైందో పాత చరణమే సాగుతోందో పాఠకుడికి తెలియదు. అలాంటి చోట ఒక పాదం ముందే పేజీ తెంచేయాలి. "సార్, పేజీ మిగిలిపోతోంది, రెండు చిన్న కవితలు కలిపి వేసెయ్యనా?" అని ఆపరేటర్ అడుగుతాడు. ఖాళీ వృథా అనుకోవడం అతని వృత్తి ధర్మం. వద్దని మొదటిరోజే చెప్పాలి.

మాండలికంలో రాసేవాళ్లు ఇంకో కాగితం కూడా ఇవ్వాలి. "ఒస్తది", "జెప్పిన", "యాడ" లాంటి మాటల జాబితా రాసి, వీటిని దిద్దవద్దని పైన పెద్దక్షరాలతో పెట్టాలి. లేకపోతే మంచి మనసున్న ప్రూఫ్‌రీడర్ అన్నిటినీ "వస్తుంది", "చెప్పిన" చేసి పెడతాడు.

ప్రూఫులు మూడు. మొదటిదాన్ని మూలంతో పోల్చి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూడాలి. చదివేవారు పాదం విరిగిన చోట ఆగాలి, చరణం మారితే "ఖాళీ" అనాలి. రెండో ప్రూఫులో దిద్దినచోట్లతో పాటు వాటికి పైనా కిందా రెండేసి లైన్లు కూడా చూడాలి, ఒక తప్పు దిద్దబోయి పక్కన ఇంకోటి పుట్టడం మామూలే. మూడోది పేజీ నంబర్లకూ, విషయసూచికకూ, శీర్షికలకూ. మన కవితలు మనకు నోటికొస్తాయి, కన్ను తప్పును దాటేస్తుంది. అందుకే నేను చివరి కవిత నుంచి వెనక్కి చదివాను. అర్థం, అర్ధం, బాధ, భాద, ళ, ల, శ, ష గొడవలు అందరికీ తెలిసినవే. కవిత్వంలో అంతకంటే జారిపోయేది పదం చివరి దీర్ఘం. "నువ్వు వచ్చావు"కీ "నువ్వూ వచ్చావు"కీ మధ్య ఇంకో మనిషి ఉన్నాడు. దిద్దుబాట్లన్నీ అను ఫైల్లో జరుగుతాయి కాబట్టి మన యూనికోడ్ ఫైలు పాతబడుతుంది. అవే మార్పులు అందులోనూ అప్పటికప్పుడు చేసుకోకపోతే తర్వాత ఈబుక్ చేసేటప్పుడు తప్పులన్నీ తిరిగొస్తాయి.

కాగితం దగ్గర కవిత్వానికి వేరే లెక్క ఉంది. మాటలు ఎడమవైపు చేరి, కుడి సగం ఖాళీగా ఉంటుంది. వెనక పేజీలోని పాదాలు సరిగ్గా ఆ ఖాళీలోనే అద్దంలోలా తిరగబడి కనిపిస్తాయి. వచనంలో రెండువైపులా అక్షరాలే కాబట్టి తెలియదు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) తెల్ల కాగితం కంటే 80 జీఎస్ఎం నేచురల్ షేడ్ (లేత పసుపు కాగితం) ఇందుకు మేలు. పేజీలు ఫారాల లెక్కలో, అంటే 16 చొప్పున రావాలి: 96, 112, 128. అట్టకు 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ లామినేషన్ సరిపోతాయి. మొత్తం పేజీలు తేలకముందు అట్ట ఖాయం చేయించకండి. 128 పేజీలకు వెన్ను ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఒక ఫారం తగ్గినా వెన్ను మీది పేరు ఒక పక్కకి ఒరిగిపోతుంది. 100, 150 ప్రతులే కావాలంటే డిజిటల్ ప్రింటింగ్, 500 దాటితే ఆఫ్‌సెట్ గిట్టుబాటు.

ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకాన్ని గుర్తించే 13 అంకెల నంబరుకి) రచయితే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. ప్రూఫులు మొదలైనప్పుడే పెట్టడం మంచిది, అట్ట సిద్ధమయ్యేసరికి నంబరు చేతిలో ఉంటుంది. అచ్చుకి ఒకటి, ఈబుక్‌కి ఇంకొకటి. డీటీపీలో అంకె తప్పు పడిందేమో ఇలా చూడొచ్చు: 13 అంకెలను వరసగా 1, 3, 1, 3 తో గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి.

ఆవిష్కరణ సభ గురించి ఎక్కువ చెప్పను. వక్తలకు పుస్తకం మూడు వారాల ముందు చేరాలి, వక్తలు ముగ్గురు దాటకూడదు, కవి తన కవితలు రెండైనా చదవాలి. సమీక్షకు పత్రికలు మామూలుగా రెండు ప్రతులు అడుగుతాయి. పురస్కారాల ప్రకటనల్లో ప్రతుల సంఖ్యతో పాటు ప్రచురణ సంవత్సరం నిబంధన ఉంటుంది. డిసెంబరులో పుస్తకం తెచ్చేవాళ్లు హక్కుల పేజీలో ఏ నెల, ఏ ఏడు వేస్తున్నారో ఆలోచించి వేయాలి. ఇంకొకటి చాలామంది కవులు వదిలేస్తారు: 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా, ముంబై స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకూ ఒక్కో ప్రతి మన ఖర్చుతో పంపాలి. ప్రెస్సు నుంచి కట్టలు రాగానే ఈ నాలుగూ ముందు పక్కన పెట్టేయండి, స్నేహితులకు పంచడం మొదలుపెడితే మిగలవు.